మైల కొట్టు

మా అన్నయ్య వరహాలు పేరెత్తితే పలాసలో అందరూ ముందు అనే మాట "మంచోడు" అని. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పని చేతగాని ప్రతివాణ్ణీ ఊళ్లో మంచోడనే అంటారు. మా అన్నయ్యకు పని చేతనవును. పొద్దున్నే కొట్టు పలకలు తీసి, కూతురు కామాక్షిని మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని జడ అల్లేవాడు. అల్లుతున్న జడ ఒక చేత్తో పట్టుకునే, ఇంకో చేత్తో సోలతో ఉప్పు కొలిచి పోసేవాడు. జడ వంకరగా వచ్చేది, ఉప్పు ఎక్కువగా పోయేది. విప్పి మళ్లీ వేస్తానని వదిన పిలిస్తే కామాక్షి వెళ్లేది కాదు. నాన్న వేసిన జడే జడ. రోజంతా ఆ వంకర జడతోనే వీధిలో తిరిగేది.

కొట్టు స్టేషనుకు వెళ్లే బాటలో ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యన ఒక మట్టిగోడ. గోడ పైకప్పుదాకా లేదు, పెంకులకు మూరెడు కిందే ఆగిపోయింది. కొట్లో దగ్గితే వెనక గదిలో వినబడేది. వెనక పోపు వేస్తే కొట్లో బేరానికి వచ్చినవాడు తుమ్మేవాడు. మా వదిన రత్నాలమ్మ పద్నాలుగేళ్లపాటు ఆ గోడ వెనక పని చేసుకుంటూనే కొట్లో ఏం జరుగుతోందో మొత్తం వినేది. ఎవరొచ్చారు, ఏం కొన్నారు, ఎవరి ఇంట్లో ఎవరికి బాగాలేదు, అన్నీ ఆవిడకు తెలుసు. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఆవిడ మా ఇంటికి వచ్చింది. అమ్మ అంతకు ముందే పోయింది. నాకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి ఆవిడదే.

అన్నయ్యకు బేరం వ్యాపారం కాదు, కాలక్షేపం. ఉద్దానం నుంచి కొబ్బరికాయల బళ్లు తోలుకొచ్చినవాళ్లు బెల్లానికో చుట్టలకో మా అరుగెక్కితే అరగంటకు దిగేవాళ్లు కాదు.

"ఏటి బావా, ఈ బెల్లానికి అణానా? దీన్లో సగం ఇసకే."

"ఇసకే కావాలంటే మీ బారువ ఒడ్డున ఊరికే దొరుకుతాది. ఎల్లి తెచ్చుకో."

ఇలా సాగేది. తిట్టుకునేవాళ్లు, లేచి వెళ్లిపోయేవాళ్లు, నాలుగడుగులు వేసి మళ్లీ వచ్చేవాళ్లు. చివరికి వాళ్లు అన్న ధరకే ఇచ్చి, పైన గుప్పెడు కొసరు వేసేవాడు. ఎలాగూ ఇచ్చేదానికి అంత గొడవ దేనికి, మొదటే ఇచ్చెయ్యొచ్చు కదా అని నేను విసుక్కుంటే నవ్వేవాడు.

"మొదటే ఇచ్చేత్తే ఆళ్లు రేపు దేనికొత్తార్రా?"

నేను చిరాకు మనిషిని, ఇప్పటికీ అంతే. సరుకు తెచ్చే పని నాది, కూర్చుని అమ్మే పని తనది. అరుగు మీద ఆ గోలంతా పడేవాణ్ణి కాదు. వానాకాలంలో అన్నయ్య ఉద్దానం బండివాళ్ల చేత సముద్రపు గట్టు మీది మొగలిపువ్వు తెప్పించి, దాన్ని చింతపండు బుట్టలో దాచి, మధ్యాహ్నం భోజనానికి వెళ్లినప్పుడు వదినకు ఇచ్చేవాడు. చింతపండంతా మొగలి వాసన కొడుతోందని నేను కేకలేసేవాణ్ణి. అదీ మా అన్నయ్య.

పందొమ్మిది వందల పద్దెనిమిదో సంవత్సరంలో, దసరా ముందు నుంచే ఆ జ్వరం మొదలైంది. తెల్లవాళ్లు దానికేదో పేరు పెట్టారట. మేము పడిశపు జ్వరం అనుకున్నాం. మూడు రోజుల్లో మనిషి లేకుండా పోవడం చూశాక పేరు పెట్టడం మానేశాం. వదినకు అప్పుడు ఏడో నెల. కామాక్షి తరవాత రెండు కాన్పులు దక్కలేదు, ఇది మూడోది. అన్నయ్య ముందుజాగ్రత్తగా కామాక్షిని పూండిలో వాళ్ల అమ్మమ్మ దగ్గర దింపి వచ్చాడు. దింపి వచ్చిన నాలుగో రోజున వదినకే జ్వరం తగిలింది.

వైద్యుడు జనార్దనరావు గారు వెనక గదిలోకి ఎవరూ వెళ్లకూడదన్నారు. వదిన మేనత్త దాలమ్మ ఒక్కతే లోపల ఉండి చూసుకునేది. కషాయానికి శొంఠి, మిరియాలు కావాలి. ఊళ్లో ఉన్నదంతా, మా కొట్లోదీ కలిపి, అప్పటికే అయిపోయింది. టెక్కలిలో దొరుకుతుందని అన్నయ్య పొద్దున బండికి బయల్దేరాడు. నేను వెళ్తానన్నాను. వద్దన్నాడు. నేను వెళ్తే ఎక్కడో అక్కడ ఎవరితోనో తగువు పెట్టుకుని ఆలస్యం చేస్తానట.

"సాయంత్రానికొచ్చెత్తాను. కొట్టు మూసీకు" అన్నాడు. ముఖం ఎర్రగా ఉంది. ఎండకనుకున్నాను.

సాయంత్రం రాలేదు. మర్నాడు మధ్యాహ్నం టెక్కలి నుంచి ఎవరో మనిషి వచ్చి, మీ అన్న సత్రంలో పడున్నాడని చెప్పాడు. నేను వెళ్లేసరికి అరుగు మీద వరసగా నలుగురిని పడుకోబెట్టి గుడ్డలు కప్పి ఉంచారు. సత్రం మనిషి నువ్వు తమ్ముడివా అని అడిగి మూడో గుడ్డ తీశాడు. తువ్వాలు కొసన శొంఠి పొట్లం కట్టి ఉంది. ముడి గట్టిగా వేశాడు, విప్పడానికి చాలాసేపు పట్టింది. అన్నయ్యను ఊరికి తీసుకెళ్లే వీలు లేదు, బండివాళ్లు ఒప్పుకోరు. కొడుకులు లేరు కాబట్టి అక్కడే నేను గుండు చేయించుకుని నిప్పు పెట్టాను. పక్కన ఇంకో మూడు చితులు కాలుతున్నాయి. ఏమీ అనిపించలేదు. మర్నాటి పొద్దున్న బండిలో శొంఠి పొట్లం ఒళ్లో పెట్టుకుని వచ్చేశాను.

జనార్దనరావు గారికి కబురు నాకంటే ముందే అందింది. మా ఇంటికి నాలుగిళ్ల అవతల నా కోసం నిలబడి ఉన్నారు.

"ఈ సంగతి రత్నాలమ్మ చెవిన పడకూడదు రమణా" అన్నారు. "పడిందంటే రెండు ప్రాణాలు పోతాయి. జ్వరం దిగేదాకా ఎలాగో నెట్టుకురండి."

అలాగేనన్నాను. తల మీద తువ్వాలు చుట్టుకుని పెరటి వైపు నుంచి వెళ్లి, పొట్లం దాలమ్మకు ఇచ్చాను. దాలమ్మ నా ముఖం చూసి, తువ్వాలు చూసి, నోట్లో కొంగు కుక్కుకుంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది. మళ్లీ వచ్చి నా చెవిలో చెప్పింది.

"అమ్మడు అడగతంది. శొంఠి వొచ్చింది కదా, మరాయన కొట్టు తియ్యనేదేటి అని."

ఇక్కడ మావాళ్ల పద్ధతి చెప్పాలి. చావు జరిగిన ఇంటికి పది రోజులు మైల. ఆ పది రోజులూ కొట్టు తియ్యకూడదు. ఆ చేతుల మీదుగా ఒక ఉప్పుకల్లు కూడా ఎవరూ కొనరు. అరుగు కూడా ఎక్కరు. మా తాత పోయినప్పుడు, నాన్న పోయినప్పుడు కొట్టు మూసే ఉంచారు. కానీ అలాంటి రోజులు తప్ప, పద్నాలుగేళ్లలో అన్నయ్య ఊళ్లో ఉండి కొట్టు తియ్యని రోజు లేదు. ఇప్పుడు తియ్యకపోతే గోడ అవతల వదినకు తెలిసిపోతుంది. తీస్తే ఊరు ఏమంటుందో నాకు తెలీదు. వెళ్లి పలకలు తీశాను.

తీసి అన్నయ్య చోట్లో కూర్చున్నాను. ఎవరూ రాలేదు. బాటన పోయేవాళ్లు ఆగి చూసి తల దించుకుని వెళ్లిపోతున్నారు. ఖాళీ కొట్టు చప్పుడు కూడా వదినకు వినబడుతుందని అప్పుడు తోచింది. ఎదురుగా ఎండుచేపల గంప పెట్టుకుని కూర్చునే పెద్దతల్లి నా వంక చాలాసేపు చూసింది. మా వెనక గదిలో ఎవరున్నారో ఆమెకు తెలుసు. లేచి బాట దాటి వచ్చి, అరుగు ఎక్కకుండా కిందే నిలబడి, గట్టిగా పిలిచింది.

"వరహాలు బావా, సోల ఉప్పెట్టు."

నాదీ అన్నయ్యదీ ఒకటే గొంతు అని చిన్నప్పట్నించీ అందరూ అనేవారు. ఉప్పు ధర చెప్పాను.

"అలగే బావా" అంది.

సోలతో కొలిచి గలగలా పోశాను. ఆమె పట్టిన కొంగులో కాదు, మళ్లీ బస్తాలోనే. పెద్దతల్లి ఖాళీ కొంగు ముడేసుకుని, చప్పుడు రాకుండా ఏడుస్తూ వెళ్లి తన గంప దగ్గర కూర్చుంది.

ఎవరు ఎవరికి చెప్పారో నాకు తెలీదు. ఆ పూటకే వీధి వీధంతా తెలుసుకుంది. ఒకరి తరవాత ఒకరు వచ్చారు. అరుగు కింద నిలబడి వరహాలు బావా అని, వరహాలు మావా అని పిలిచారు. బెల్లం అడిగారు, పొగాకు అడిగారు. నేను కొలిచాను, తూచాను, మళ్లీ ఎక్కడిదక్కడ పోశాను. నిజంగా కావలసిన సరుకు ఆ చివర గణపతిరావు కొట్లో కొనుక్కుని, దాన్ని ఇంట్లో పెట్టి, మళ్లీ ఇక్కడికి వచ్చి కొన్నట్టు చేసి వెళ్లేవాళ్లు. ఈ గణపతిరావుకూ అన్నయ్యకూ వానకాలవ విషయంలో తగువు వచ్చి నాలుగేళ్లుగా మాటల్లేవు. మూడో రోజున ఆయనే వచ్చి అరుగు కింద నిలబడ్డాడు.

"వరహాలూ, తవ్వెడు బియ్యం కొలిచెట్టు" అన్నాడు. కొలిచి గోతంలో పోశాను. ఆయన ఆ చప్పుడు మొత్తం విని వెళ్లిపోయాడు.

రోజూ సాయంత్రం దాలమ్మ తడిక పక్కన నిలబడి అడిగేది. "బువ్వ తిన్నాడా అని అడగతంది."

"తిన్నాడని సెప్పు" అనేవాణ్ణి.

తినడానికి నాకు ఆకలి లేదు. మైలలో ఒంటిపూట భోజనం. ఆ ఒక్క పూటా నేనే పెరట్లో గంజి కాచుకుని, సగం తాగి సగం పారబోసేవాణ్ణి. ఐదో రోజున దాలమ్మ మళ్లీ వచ్చింది.

"అబద్దమాడతన్నాడు, గొంతుక నీరసంగా ఉంది, తిన్నేదు అంటంది" అంది.

ఇక అప్పట్నించీ తిన్నాను. అన్నం ముద్దలు చేసి, లెక్కగా నమిలి మింగేవాణ్ణి. తింటేనే గొంతు వస్తుంది. గొంతు వస్తేనే వదిన నమ్ముతుంది. వదిన నమ్మితేనే రెండు ప్రాణాలు నిలుస్తాయి. నా బుర్రలో ఉన్నది అంతే. ఇంకో ఆలోచనకు చోటు లేదు.

ఏడుపు మాత్రం రాలేదు. రావాలని కొన్నిసార్లు కళ్లు మూసుకుని సత్రం అరుగు గుర్తు చేసుకున్నాను. అరుగు కనబడేది, గుడ్డలు కనబడేవి, మూడో గుడ్డ కింద ఎవరూ కనబడేవారు కాదు. చెయ్యి మొద్దుబారినప్పుడు గిల్లితే వేరేవాళ్ల చెయ్యిలా ఉంటుంది చూడండి, ఒళ్లంతా అలా ఉండేది.

ఏడో రోజున ఒక ముసలమ్మ ఏదో అంటే నేను నవ్వాను. అచ్చం అన్నయ్య నవ్వే వచ్చింది, ముందు ముక్కులోంచి వచ్చి తరవాత పొట్ట కదిలే నవ్వు. బాగా వచ్చిందని సంతోషించాను కూడా. ముసలమ్మ మాత్రం రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని అక్కణ్ణించి పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది. నాకు సిగ్గేసింది. కానీ చెప్పకపోతే అబద్ధమవుతుంది, ఆ రోజుల్లో నేను అన్నయ్య చోట్లో కూర్చుని, అన్నయ్య టెక్కలి వెళ్లాడనీ, వస్తే కొట్టు అప్పజెప్పి లేచిపోవాలనీ అనుకునేవాణ్ణి. రోజుకు రెండు మూడుసార్లు అలా అనుకునేవాణ్ణి.

ఎనిమిదో రోజున వదినకు జ్వరం దిగింది. తొమ్మిదో రోజు పొద్దున్న జనార్దనరావు గారు లోపలికి వెళ్లి నాడి చూసి వచ్చారు. గండం గడిచింది, కడుపులో బిడ్డ కూడా కదులుతోందన్నారు. పదో రోజున ఏటి దగ్గర కర్మ చెయ్యాలి. ఆ రోజే ఆవిడ గాజులు తియ్యాలి, బొట్టు చెరపాలి. ఇక చెప్పకుండా కుదరదు. ఎవరు చెబుతారంటే జనార్దనరావు గారు తన చెప్పుల వంక చూసుకున్నారు. దాలమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది.

"నా నోట రాదు బావూ. నువ్వే సెప్పు" అంది.

మధ్యాహ్నం వేళ వెళ్లాను. పది రోజుల తరవాత అదే మొదటిసారి ఆ గది గుమ్మంలో నిలబడడం. వదిన మంచం దిగి, నేల మీద చాప వేసుకుని, కొట్టు గోడకు వీపు ఆనించి కూర్చుని ఉంది. సగమైపోయింది. కడుపు ఒక్కటే కనబడుతోంది.

"వదినా" అన్నాను.

"కూకో రమణా" అంది. గడప మీదే కూర్చున్నాను.

అప్పుడు చూశాను. చేతులకు గాజులు లేవు. ఒక్కొక్కటే తీసి చాప పక్కన వరసగా పెట్టుకుంది. నుదురు కడుక్కుంది.

"ఎవులు సెప్పినారు?" అన్నాను.

"ఎవులూ సెప్పనేదు. ఎవులూ బేరమాడనేదు."

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది, ఆగి ఆగి, ఊపిరి తీసుకుంటూ.

"మొదటి రోజు పెద్దతల్లి సోల ఉప్పడిగింది. నువ్వొక మాటన్నావు. అలగే బావా అన్నాది. పద్నాలుగేళ్లలో ఆ మనిసి మీ అన్న కాడ ఒక్కనాడు అలగే అన్నాదేటి? సాపనార్తాలు ఎట్టకుండా ఉప్పు కొన్నాదేటి? ఆ తరవాత వొచ్చినోలూ అంతే. ఊరు ఊరంతా ఒక్కపాలే మరేద నేర్సుకున్నారు. అప్పుడే తెలిసిపోనాది."

మేమెంత తెలివితక్కువవాళ్లమో చూడండి. అన్నయ్య గొంతుతో మాట్లాడాను, అన్నయ్యలా నవ్వాను, ఖాళీ కొంగుల్లోకి ఉప్పు పోసిన చప్పుడు చేశాను. జాలిపడ్డ మనిషికి బేరమాడాలని తోచదని మాలో ఒక్కడికీ తట్టలేదు. అన్నయ్యతో రోజూ అరగంట దెబ్బలాడిన ఊరు ఎనిమిది రోజులు నోరెత్తకుండా కొనేసింది.

"మరిన్నాళ్లూ ఎందుకూరుకున్నావు?" అన్నాను. నాకు కోపం కూడా వచ్చినట్టుంది.

"సెప్తే మానేద్దురు కదా" అంది వదిన. "పొద్దున్న లెగిసిన కాడ్నించి ఊరంతా వొచ్చి ఆయన పేరెట్టి పిలత్తంటే ఇనాలనిపించింది. నాకే కాదు. కడుపులో ఉన్నదానికి మరింకెప్పుడు ఇనిపిత్తాది ఆ పిలుపు?"

ఆ కడుపులో ఉన్నది పుష్యమాసంలో పుట్టింది. ఆడపిల్ల. సరోజిని అని పేరు పెట్టాం. ఇప్పుడు దానికి పదిహేనేళ్లు. కొట్లో నా పక్కన కూర్చుని నా కంటే బాగా బేరాలు చేస్తుంది.

"రోజూ బువ్వ తిన్నాడా అని అడిగించేదానివి" అన్నాను వదినతో.

"నీ గురించే అడిగినాను."

నేను తల ఊపాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. చెయ్యవలసిన పనులు చెప్పడం మొదలుపెట్టాను, అది తేలిక. రేపు పొద్దున్నే ఏటికి వెళ్లాలి. బ్రాహ్మడికి చెప్పాను. పూండి నుంచి కామాక్షిని తీసుకురమ్మని మనిషిని పంపాను. ఇలా ఒక్కొక్కటే చెబుతూ, "మిగిలిన శొంఠి డబ్బాలో ఎట్టినాను వదినా, ఎంతకమ్మాలో అన్నయ్య వొచ్చేక అడిగి..." అన్నాను.

నా నోటి నుంచే వచ్చిందా మాట. వదిన నా వంక చూసింది. నేను ఆగాను, ఆ మాటలో తప్పేముందో నాకు వెంటనే అందలేదు. వాక్యం పూర్తి చెయ్యడానికి నోరు తెరిచాను.

వదిన చేతులు నేల మీద ఆనించి, కష్టపడి ముందుకు జరిగి, నా తలకు చుట్టిన తువ్వాలు విప్పింది. తొమ్మిది రోజుల గుండు మీద చెయ్యి పెట్టింది.

"రమణా, మీ అన్న సచ్చిపోనాడు" అంది.

ఆ మాట అప్పటిదాకా ఎవరూ నాతో అనలేదు. సత్రంలో గుడ్డ తీసి చూపించారు. ఊళ్లో సైగలు చేశారు, కొంగులు నోట్లో కుక్కుకున్నారు, ఉప్పు అడిగారు. చెప్పాలని నేను వెళ్లిన మనిషే ఆ మాట నాకు చెప్పవలసి వచ్చింది. నేను గడప మీదే ఒరిగిపోయి పెద్దగా ఏడ్చాను. వదిన నన్ను ఆపలేదు.